డీవీడీ రికార్డర్‌లో 16:9 రికార్డింగులు: బొమ్మ ఎందుకు నొక్కుకుపోతుంది, ఎలా సరిచేయాలి

ప్రశ్న విశాఖ ఎం.వి.పి. కాలనీ నుంచి. హార్డ్‌డిస్కు ఉన్న డీవీడీ రికార్డర్‌లో చేసి దాచుకున్న డిస్కులు మూడు రకాలుగా తేడా చేస్తున్నాయట. 2016 ఫిబ్రవరిలో మన బీచ్ దగ్గర జరిగిన ఫ్లీట్ రివ్యూ (నౌకాదళ ఓడల కవాతు) టెలికాస్టు పాత టీవీలో బాగానే ఉండేది. అదే డిస్కు కొత్త టీవీలో, లాప్‌టాప్‌లో వేస్తే మనుషులు సన్నగా పొడుగ్గా, ఓడలు పొట్టిగా కనిపిస్తున్నాయి. సినిమాల డిస్కుల్లో బొమ్మ మధ్యలో చిన్నగా ఉండి నాలుగు వైపులా నలుపే. 2005 ఏప్రిల్ 5న వైజాగ్‌లో ధోనీ 148 కొట్టిన మ్యాచ్‌ని వీహెచ్ఎస్ టేపు నుంచి డిస్కులోకి ఎక్కిస్తే ఆటగాళ్లంతా లావెక్కిపోయారు. వీటిని బాగుచేయొచ్చా, ఇకమీదట ఎలా రికార్డు చేసుకోవాలి అని అడిగారు.

మొదటిదీ మూడోదీ పూర్తిగా బాగవుతాయి, క్వాలిటీ కొంచెం కూడా తగ్గదు. రెండోది బాగవదు, దాన్ని భరించగలిగేలా మాత్రం చేసుకోవచ్చు. ఈ తేడా ఎందుకో తెలిస్తే మిగతా పనంతా సులువే.

మన దేశపు టీవీ పద్ధతి పాల్. అందులో డీవీడీ మీద పూర్తి సైజు బొమ్మ అంటే 720 × 576 చుక్కలు. బొమ్మ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 4:3 అయినా, ఇంకా వెడల్పైన 16:9 అయినా చుక్కల లెక్క ఇదే. వైడ్‌స్క్రీన్‌కి అదనంగా చుక్కలు ఉండవు. వెడల్పు బొమ్మని అడ్డంగా నొక్కి అదే 720 చుక్కల్లో కూర్చి, పక్కన ఒక చిన్న గుర్తు రాస్తారు: దీన్ని 16:9గా సాగదీసి చూపించు అని. ఆ గుర్తునే ఫ్లాగ్ అంటాం. మడత పెట్టిన పంచెలో గుడ్డ ఎక్కడికీ పోదు, విప్పితే చాలు. కత్తిరించిన పంచె మాత్రం విప్పినా పూర్తి కొలత రాదు. ఫ్లాగ్ పోయిన డిస్కు మొదటి రకం. సెట్ టాప్ బాక్సే బొమ్మ చుట్టూ నల్ల పట్టీలు వేసి పంపగా రికార్డయిన డిస్కు రెండో రకం. మీ ఫ్లీట్ రివ్యూ మొదటిది, సినిమాలు రెండోవి.

ఫ్లీట్ రివ్యూ డిస్కు పాత టీవీలో ఎందుకు బాగుందంటే, అదీ వైడ్ టీవీయే, పసుపు పిన్నులోంచి వచ్చిన ప్రతి బొమ్మనీ స్క్రీన్ నిండా సాగదీసేది. ఫ్లాగ్ లేకపోయినా బొమ్మ సరిపోయింది. కొత్త టీవీకి ప్లేయర్ హెచ్‌డీఎంఐతో కలిపి ఉంటుంది కాబట్టి ఫ్లాగ్‌లో 4:3 అని ఉంటే ప్లేయర్ దాన్ని నమ్మి పక్కల నల్ల పట్టీలు పెట్టి ఇరుకుగా చూపిస్తుంది. అంటే డిస్కు కొత్తగా చెడిపోలేదు. తప్పు మొదటి రోజునే పడింది, పాత టీవీ దాన్ని కప్పిపుచ్చింది.

డిస్కు మీద చేయి వేసేముందు ప్లేయర్ సెటప్ చూడండి. అందులో టీవీ టైప్ అని ఒక ఆప్షన్ ఉంటుంది: 16:9, 4:3 లెటర్‌బాక్స్, 4:3 పాన్ స్కాన్. వైడ్ టీవీకి ప్లేయర్‌ని 4:3 లెటర్‌బాక్స్‌లో వదిలేస్తే మంచి డిస్కు కూడా పైనా కిందా పట్టీలతో, మనుషులు అడ్డంగా సాగి కనిపిస్తుంది. పాన్ స్కాన్‌లో ఉంటే రెండు పక్కలా బొమ్మ తెగిపోతుంది. టీవీ రిమోట్‌లో పిక్చర్ సైజు కూడా జూమ్‌లోనో వైడ్‌లోనో కాకుండా ఒరిజినల్‌లోనో ఆటోలోనో ఉండాలి. చెడిపోయాయని తీసుకొచ్చే డిస్కుల్లో చాలావాటికి ఈ రెండు సెట్టింగులే మందు.

ఆ తర్వాత కొలవండి. కంటి అంచనా నమ్మొద్దు, ఎందుకంటే పది నిమిషాలు చూస్తే సన్నటి మనుషులకి కూడా కన్ను అలవాటు పడిపోతుంది. గుండ్రంగా ఉండాల్సిన వస్తువు ఎదురుగా కనిపించే చోట బొమ్మని ఆపండి: వార్తల్లో గడియారం, గుండ్రటి ఛానల్ లోగో, సూటిగా తీసిన స్టీలు కంచం. టేపుతో నిలువూ అడ్డమూ కొలవండి. నిలువు 8 సెంటీమీటర్లు ఉండి అడ్డం 6 వస్తే, అంటే నిష్పత్తి 0.75 అయితే, 16:9 బొమ్మ 4:3 అని ముద్ర వేయించుకుంది. అడ్డం 10.7 దాకా వస్తే, అంటే 1.33 అయితే, 4:3 బొమ్మని ఎవరో 16:9గా సాగదీస్తున్నారు. ఆ సాగదీసేది టీవీయా, ప్లేయరా, డిస్కు మీది ఫ్లాగా అన్నది తేల్చుకోవడానికి అదే డిస్కుని కంప్యూటర్‌లో వీఎల్‌సీలో వేసి చూడండి. నిలువూ అడ్డమూ సమానంగా ఉంటే ఆకారం సరైనదే, నల్ల పట్టీలు ఎన్ని ఉన్నా సరే.

ఆ చివరి మాట సినిమాలకి ముఖ్యం. మన సినిమాలు ఎక్కువగా స్కోప్‌లో, సుమారు 2.35:1 ఆకారంలో తీస్తారు. 16:9 టీవీ 1.78:1. కాబట్టి అంతా సరిగ్గా రికార్డయినా పైనా కిందా సన్నటి నల్ల పట్టీలు ఉండి తీరతాయి. వాటిని తీసేయాలని ప్రయత్నిస్తే హీరో మొహం సగం తెగుతుంది. తేడా ఎక్కడుందో చుక్కల్లో చెప్తాను. స్కోప్ సినిమాని 16:9గా రికార్డు చేస్తే బొమ్మకి 576 లైన్లలో సుమారు 436 దక్కుతాయి. 4:3 లెటర్‌బాక్స్‌గా చేస్తే 327 మాత్రమే. ఛానల్ తన 4:3 బొమ్మలో పట్టీలు వేసి పంపి, దాని పక్కల బాక్సు ఇంకో రెండు పట్టీలు వేస్తే అడ్డం కూడా 720 నుంచి 540కి పడిపోతుంది. మీ నాలుగు వైపుల నలుపు అదే. మిగిలిన 540 × 327 చుక్కలు, సరైన 16:9 రికార్డింగులో దక్కే చుక్కల్లో సగానికి కాస్త పైన. పోయినవి డిస్కు మీద లేవు, ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు.

ఇక మరమ్మతు. ఫైనలైజ్ చేసిన (ఇక రాయడానికి వీల్లేకుండా మూసేసిన) డీవీడీ ఆర్ డిస్కు మీద ఏదీ మార్చలేం. కంప్యూటర్‌లోకి కాపీ చేసి, అక్కడ ఫ్లాగ్ మార్చి, కొత్త డిస్కు బర్న్ చేయాలి. ఇంట్లో రికార్డు చేసిన డిస్కుకి కాపీ తాళాలు సాధారణంగా ఉండవు కాబట్టి వీడియో_టీఎస్ అనే ఫోల్డర్‌ని మామూలుగా కాపీ చేసుకోవచ్చు. మధ్యలో ఎర్రర్ వస్తే డిస్కుని మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు సూటిగా తుడిచి, ఇమ్‌జ్‌బర్న్‌తో ఐఎస్ఓగా (డిస్కు మొత్తానికి ఒకే ఫైలు) చదివించండి. అది చదవలేని చోట మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. కాపీ అయ్యాక ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో రీడ్ ఓన్లీ టిక్ తీసేయండి. డిస్కు నుంచి వచ్చిన ఫైళ్లకి అది అంటుకుని ఉంటే మార్చినది సేవ్ కాదు.

ఫ్లాగ్ రెండు చోట్ల ఉంటుంది, రెండూ మార్చాలి. ఒకటి ఐఎఫ్ఓ ఫైల్లో. టీవీ కింద పెట్టుకునే ప్లేయర్లు దీన్నే చదువుతాయి. రెండోది వీఓబీ ఫైళ్లలోని ఎంపెగ్ వీడియో లోపల. కంప్యూటర్ ప్లేయర్లు, కన్వర్టర్లు చాలావరకు దీన్ని చదువుతాయి. ఒకటే మార్చి వదిలేస్తే ప్లేయర్‌లో బాగుండి లాప్‌టాప్‌లో సన్నగానో, లేదా లాప్‌టాప్‌లో బాగుండి ప్లేయర్‌లో సన్నగానో వస్తుంది, మళ్లీ మొదటికే వస్తారు.

ఐఎఫ్ఓ కోసం ఐఎఫ్ఓఎడిట్ అనే ఉచిత ప్రోగ్రాం చాలు. అందులో వీటీఎస్_01_0.ఐఎఫ్ఓ తెరవండి. పై భాగంలో వీటీఎస్ఐ_మ్యాట్ మీద నొక్కితే కింద పొడుగాటి పట్టిక వస్తుంది. అందులో టైటిల్ వీడియో గుణాలు చెప్పే లైను మీద రెండుసార్లు నొక్కి 4:3ని 16:9 చేయండి. అక్కడే డిస్‌ప్లే మోడ్ అడుగుతుంది, లెటర్‌బాక్స్ మాత్రమే ఎంచుకోండి. అప్పుడు ఊళ్లో పాత 4:3 టీవీ ఉన్నవాళ్లకి పట్టీలతో పూర్తి బొమ్మ వస్తుంది, పక్కలు తెగవు. సేవ్ చేశాక అదే ఐఎఫ్ఓని కాపీ చేసి వీటీఎస్_01_0.బీయూపీ పేరుతో పాత బీయూపీ మీద పెట్టేయండి. బీయూపీ అంటే ఐఎఫ్ఓకి నకలు. ఐఎఫ్ఓ చదవడం కష్టమైనప్పుడు ప్లేయర్ దాని దగ్గరికే వెళ్తుంది, అందులో పాత 4:3 ఉండిపోతే కొన్నాళ్లకి సమస్య తిరిగొస్తుంది. చాలామంది వదిలేసే మెట్టు ఇది.

వీఓబీల కోసం డీవీడీప్యాచర్. వీటీఎస్_01_1.వీఓబీ తెరిచి, మొదటి హెడర్ (బొమ్మ సైజు, ఆకారం రాసి ఉండే ముక్క) మాత్రమే అని కాకుండా మొత్తం ఫైలు అని పెట్టి 16:9 ఎంచుకుని నొక్కండి. ఒక్కో వీఓబీ 1 జీబీ దాకా ఉంటుంది. 2, 3, 4 అని ఎన్ని ఉంటే అన్నిటికీ చేయాలి. మొత్తం ఫైలు ఎందుకంటే వీడియో హెడర్ ఒక్కచోటే ఉండదు, సెకనుకి సుమారు రెండుసార్లు తిరిగి వస్తుంది. మొదటిది మాత్రమే మారిస్తే మొదలుపెట్టినప్పుడు బాగుండి, ముందుకి జరపగానే బొమ్మ మళ్లీ ఇరుకైపోతుంది.

హెక్స్ ఎడిటర్ వాడే అలవాటున్నవాళ్లకి లోపల జరిగేది ఇదీ. ప్రతి హెడర్ 00 00 01 బీ3 అనే నాలుగు బైట్లతో మొదలవుతుంది. తర్వాతి మూడు బైట్లు 2డీ 02 40: మొదటి మూడు అంకెలు 2డీ0 అంటే 720, మిగతా మూడు 240 అంటే 576. ఆ వెంటనే వచ్చే బైటే మనకి కావలసింది. 23 ఉంటే 4:3, 33 ఉంటే 16:9. ఆ బైటులో రెండో 3 సెకనుకి 25 ఫ్రేములు అని చెప్పేది, దాన్ని ముట్టుకోకూడదు. మారేది మొదటి అంకె ఒక్కటే. మొత్తం ఎనిమిది బైట్ల వరుసని వెతికి మార్చండి. ఒంటరి 23ని వెతికి మారిస్తే వీడియో అంతా పాడవుతుంది. గంటల కొద్దీ రికార్డింగుని సరిచేయడానికి హెడర్‌కి ఒక్క అంకె మార్చడం, అంతే పని. అందుకే 16:9కి కన్వర్ట్ చేస్తామనే సాఫ్ట్‌వేర్ల జోలికి పోవద్దని గట్టిగా చెప్తాను. అవి మొత్తం వీడియోని విప్పి మళ్లీ కుదిస్తాయి. టీవీ రికార్డింగులో ప్రతి ఫ్రేమూ సరి, బేసి లైన్ల రెండు ఫీల్డులుగా అల్లి ఉంటుంది. దాన్ని పట్టించుకోకుండా సైజు మారిస్తే కదిలే ప్రతి వస్తువు అంచునా దువ్వెన పళ్లలా గీతలు పడతాయి. ఒకసారి పడ్డాక పోవు.

మార్చడం అయ్యాక, ఫైలు వివరాలు చూపించే మీడియాఇన్ఫో ప్రోగ్రాంలో ఒక్కో వీఓబీ తెరిచి 16:9 అని చూపిస్తోందో లేదో చూడండి. ఇమ్‌జ్‌బర్న్‌లో వీడియో_టీఎస్ ఫోల్డర్ ఇచ్చి డీవీడీ ఆర్ మీద 4 లేదా 8 స్పీడులో బర్న్ చేసి, వెరిఫై టిక్ ఉంచండి. డిస్కు అవసరం లేదు, ఫైలుగా దాచుకుంటే చాలనుకుంటే ఇంకా సులువు: మేక్‌ఎంకేవీతో టైటిల్‌ని ఎంకేవీ అనే రకం వీడియో ఫైలుగా చేసి, ఎంకేవీటూల్‌నిక్స్ హెడర్ ఎడిటర్‌లో డిస్‌ప్లే వెడల్పు 1024, ఎత్తు 576 అని రాయండి. 4:3 అయితే 768, 576. ఇక్కడ కూడా వీడియో చుక్క కదలదు, సెకన్లలో అయిపోతుంది.

ఒక చిక్కు ఉంది. మామూలు డీవీడీ వీడియో పద్ధతిలో ఒక టైటిల్ సెట్ మొత్తానికి ఒకే ఆకారం. రికార్డర్ మీ డిస్కులో పెళ్లి 4:3, ఫ్లీట్ రివ్యూ 16:9 రెండింటినీ ఒకే వీటీఎస్_01లో పెట్టి ఉంటే ఐఎఫ్ఓలో ఒకటి మారిస్తే రెండోది చెడుతుంది. అలాంటి డిస్కుని ఎంకేవీలుగా విడగొట్టి, దేని ఆకారం దానికి రాసుకోవడమే మేలు.

వీఆర్ (వీడియో రికార్డింగ్) పద్ధతిలో రికార్డు చేసిన డీవీడీ ర్యామ్, డీవీడీ ఆర్‌డబ్ల్యూ డిస్కులకి ఈ ఇబ్బంది లేదు. అందులో రెండు ఆకారాలూ కలిసి ఉండొచ్చు. కంప్యూటర్‌లో చూస్తే వీడియో_టీఎస్ బదులు డీవీడీ_ఆర్‌టీఏవీ ఫోల్డర్, అందులో వీఆర్_మూవీ.వీఆర్ఓ అనే ఒక్క పెద్ద ఫైలు ఉంటాయి. రికార్డింగులన్నీ దాంట్లోనే వరుసగా ఉంటాయి. అది మామూలు ఎంపెగ్ 2 కాబట్టి వీఎల్‌సీలో ఆడుతుంది, డీవీడీప్యాచర్ పని కూడా దాని మీద అలాగే జరుగుతుంది.

మీ మ్యాచ్ టేపు సంగతి. అప్పటి టెలికాస్టు 4:3, వీహెచ్ఎస్ కూడా 4:3. డిస్కులోకి ఎక్కించేటప్పుడు రికార్డర్‌లో రికార్డింగ్ ఆకారం 16:9 అని స్థిరంగా పెట్టి ఉంది, అందుకే తప్పు ఫ్లాగ్ పడింది. పైన చెప్పిందే తిరగేసి చేయండి: ఐఎఫ్ఓలో 4:3, వీఓబీలో 33ని 23. నిష్పత్తి 1.33 నుంచి 1కి వచ్చేస్తుంది. పక్కల నల్ల పట్టీలు వస్తాయి, రావాలి. ఇదే తర్కం మన ఊళ్లో పాత కేబుల్ రికార్డింగులకీ వర్తిస్తుంది. కేబుల్ డిజిటైజేషన్ రెండో దశ 38 నగరాల్లో విశాఖ ఒకటి, గడువు 2013 మార్చి 31. అంతకు ముందు కేబుల్ వైరుని నేరుగా రికార్డర్‌కి పెట్టి చేసినవి 4:3గానే ఉండాలి. వాటిని వైడ్ చేయాలని చూడకండి.

నాలుగు వైపుల నలుపున్న సినిమాలకి టీవీ రిమోట్‌లోని జూమ్ వాడండి. అది రెండు దిక్కులా ఒకే లెక్కన పెంచుతుంది కాబట్టి ఆకారం చెడదు, కాస్త మసకగా ఉంటుంది. అదే సినిమా హెచ్‌డీ ఛానల్లో మళ్లీ వచ్చే అవకాశం ఉంటే, పాతదానికి మరమ్మతులు చేసే బదులు కొత్తగా రికార్డు చేసుకోవడమే తెలివైన పని.

ఇకపై రికార్డింగు ఎలాగో చూద్దాం. హెచ్‌డీఎంఐ వైరుతో రికార్డర్‌కి ఇవ్వడం కుదరదు. ఈ రికార్డర్లకి ఉండే హెచ్‌డీఎంఐ బయటికి పంపేదే, లోపలికి తీసుకునేది కాదు. పైగా బాక్సు పంపే సిగ్నల్‌కి కాపీ రక్షణ ఉంటుంది. కాబట్టి పసుపు, తెలుపు, ఎరుపు పిన్నుల ఏవీ వైరే గతి. ఎస్ వీడియో రెండు వైపులా ఉంటే అదే వాడండి, రంగుల అంచులు శుభ్రంగా ఉంటాయి. చిన్న హెచ్‌డీ బాక్సులకి మూడు పిన్నుల బదులు ఒకే 3.5 మిల్లీమీటర్ల రంధ్రం ఉంటుంది. ఆ వైరులో తీగల వరుస అన్ని కంపెనీలకీ ఒకటి కాదు. బొమ్మ రాకుండా గుయ్ మంటే వైరు పోయిందని పారేయకండి, రికార్డర్ వైపు పసుపు స్థానంలో ఎర్ర పిన్ను పెట్టి చూడండి.

యూరప్‌లో టీవీనీ రికార్డర్‌నీ కలిపే స్కార్ట్ వైరులో 8వ పిన్ను ఈ ఆకారం సంగతి చెప్పడానికే ఉంది: 5 నుంచి 8 వోల్టులుంటే 16:9, 9.5 నుంచి 12 ఉంటే 4:3. మన పసుపు పిన్నులో అలాంటి తీగ లేదు. పాల్ సిగ్నల్ 23వ లైనులో ఈ సమాచారం పంపే పద్ధతి ఉన్నా, బాక్సు పంపాలి, రికార్డర్ చదవాలి. ఇక్కడి బాక్సుల దగ్గర దాని మీద ఆధారపడొద్దు. అంటే రికార్డర్‌లో ఆకారం ఆటోలో పెడితే దానికి ఏ సంకేతమూ అందదు, 4:3 అని రాసేసుకుంటుంది. ఫ్లీట్ రివ్యూకి జరిగింది ఇదే.

అందుకని రెండు చోట్ల మీరే చెప్పాలి. సెట్ టాప్ బాక్సు సెటప్‌లో టీవీ ఆకారం 16:9. రికార్డర్ సెటప్‌లో రికార్డింగ్ ఆస్పెక్ట్ అనో, రికార్డింగ్ పిక్చర్ సైజు అనో ఉన్నచోట కూడా 16:9. రికార్డర్‌లో టీవీ టైప్ అనే ఇంకో ఆప్షన్ ఉంటుంది, అది చూసేటప్పటిది మాత్రమే, రికార్డింగు మీద దాని ప్రభావం లేదు. ఈ రెండింటినీ కలగలిపి గందరగోళపడతారు. రికార్డింగ్ ఆప్షన్ లేని మెషీన్ అయితే బాక్సుని 16:9లోనే ఉంచి నొక్కిన బొమ్మనే రికార్డు చేసి, ఫ్లాగ్‌ని తర్వాత కంప్యూటర్‌లో మార్చుకోండి. బాక్సుని 4:3 లెటర్‌బాక్స్‌కి దించి రాజీ పడొద్దు. 16:9 ఛానల్ అలా రికార్డు చేస్తే 576 లైన్లలో 72 పైనా, 72 కిందా నలుపుకే పోయి బొమ్మకి 432 మిగులుతాయి.

దీనికి ఒక్క మినహాయింపు: ఇంకా 4:3లోనే పంపుతూ లోపల తామే పట్టీలు వేసే ఎస్‌డీ ఛానళ్లు. వాటికి బాక్సునీ రికార్డర్‌నీ 4:3కి మార్చండి, కనీసం అడ్డంగా 720 చుక్కలూ దక్కుతాయి. కొన్ని బాక్సులు మీరు 16:9 పెట్టినా ఏవీ రంధ్రం నుంచి లెటర్‌బాక్సే పంపుతాయి. రెండు నిమిషాలు ఆర్‌డబ్ల్యూ డిస్కు మీద రికార్డు చేసి, గుండ్రటి వస్తువు కొలిచి చూసుకోకుండా పెద్ద రికార్డింగు మొదలుపెట్టకండి.

రికార్డింగ్ మోడ్ విషయంలో ఎక్కువమంది నష్టపోతారు. 4.7 జీబీ డిస్కు మీద ఎక్స్‌పీ గంట, ఎస్‌పీ రెండు గంటలు, ఎల్‌పీ నాలుగు, ఈపీ ఆరు లేదా ఎనిమిది. ఎల్‌పీకి దిగగానే చాలా మెషీన్లు అడ్డం చుక్కల్ని 720 నుంచి 352కి తగ్గిస్తాయి. డీవీడీ వీడియో ప్రమాణంలో 352 వెడల్పుకి 16:9 ఫ్లాగ్ అనుమతే లేదు. మీరు సెటప్‌లో ఏం పెట్టినా మెషీన్ 4:3 అని రాస్తుంది. ప్లస్ ఆర్, ప్లస్ ఆర్‌డబ్ల్యూ డిస్కుల మీద ఏ మోడ్‌లోనైనా 4:3గానే రాసే మెషీన్లూ ఉన్నాయి, మాన్యువల్లో చిన్న అక్షరాల్లో ఆ మాట ఉంటుంది. కాబట్టి 16:9 కావాలంటే మైనస్ ఆర్ (DVD-R) డిస్కు, ఎక్స్‌పీ లేదా ఎస్‌పీ.

అక్షయ తృతీయకి సింహాచలం చందనోత్సవం లైవ్ లాంటివి గంటల తరబడి సాగుతాయి. ఒక్క డిస్కులో ఇరికించాలని ఈపీ పెడితే ఆకారమూ పోతుంది, జనం మీద బొమ్మ గళ్లు గళ్లుగా విరుగుతుంది. ముందు హార్డ్‌డిస్కులోకి ఎస్‌పీలో తీసుకోండి. ఎస్‌పీ గంటకి సుమారు 2.35 జీబీ, 160 జీబీ హార్డ్‌డిస్కులో 68 గంటల దాకా పడుతుంది. తర్వాత రెండేసి గంటల ముక్కలు చేసి డిస్కులకి ఎక్కించండి.

సినిమాకి లెక్క వేరు. రెండు గంటల నలభై నిమిషాల సినిమా ప్రకటనలతో మూడున్నర గంటలు దాటుతుంది. ఎస్‌పీలో తీసి ప్రకటనలు కోసినా 6 జీబీ పైన ఉంటుంది, ఒక డిస్కులో పట్టదు. మెషీన్‌లో మాన్యువల్ రేటు ఉంటే గంటకి 1.7 జీబీ వచ్చేలా, వెడల్పు 720 తగ్గకుండా చూసుకుని హార్డ్‌డిస్కులోకి తీసి, ప్రకటనలు కోసి, హైస్పీడ్‌లో కాపీ చేయండి. హైస్పీడ్ కాపీ ఉన్నదున్నట్టు రాస్తుంది, ఫ్లాగ్ కూడా అలాగే వెళ్తుంది. మామూలు స్పీడు కాపీ అంటే మెషీన్ వీడియోని మళ్లీ కుదిస్తోందని అర్థం. హైస్పీడ్ కావాలంటే రికార్డు చేసే ముందే సెటప్‌లో హైస్పీడ్ కాపీకి అనువుగా రికార్డు చేయి అన్న ఆప్షన్ ఆన్‌లో ఉండాలి, తర్వాత పెడితే పాత టైటిల్‌కి పనిచేయదు.

మన ఊరి గాలి సంగతి కూడా చూసుకోవాలి. సముద్రపు తేమకి ఏవీ పిన్నులు త్వరగా నల్లబడతాయి. బొమ్మలో సన్నటి ఇసుక చల్లినట్టు చుక్కలు వస్తే రికార్డర్ తన బిట్లని ఆ చుక్కల మీదే ఖర్చు పెడుతుంది, అసలు బొమ్మ గళ్లుగా మారుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో పిన్నులు తుడిచి, రంధ్రంలో నాలుగైదుసార్లు తిప్పి పెట్టండి. కరెంటు పోతే ఆగని చిన్న యూపీఎస్ కూడా ఉండాలి. టైటిల్ పట్టికని మెషీన్ స్టాప్ నొక్కాకే రాస్తుంది, మధ్యలో కరెంటు పోతే ఆ టైటిల్ మొత్తం పోవచ్చు.

అమెరికా నుంచి అబ్బాయో అమ్మాయో తెచ్చిన రికార్డర్ అయితే రెండు జాగ్రత్తలు. అది 120 వోల్టులది. వెనక 100 నుంచి 240 అని రాసి లేకపోతే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ప్లగ్గు పెట్టొద్దు. రెండోది, అది అమెరికా టీవీ పద్ధతి, అంటే ఎన్‌టీఎస్‌సీ. మన పాల్ సిగ్నల్ ఇస్తే బొమ్మ దొర్లుతుంది, లేదా నలుపు తెలుపులో వస్తుంది, లేదా అసలు తీసుకోదు. బాక్సు సెటప్‌లో ఎన్‌టీఎస్‌సీ ఆప్షన్ ఉంటే పనవుతుంది కానీ క్రికెట్ లాంటి వేగమైన ఆటలో కదలిక కుదుపుగా ఉంటుంది. దాని బొమ్మ 720 × 480. హెక్స్‌లో వెతకాల్సింది 2డీ 01 ఈ0, ఆ తర్వాత 24ని 34 చేయాలి. ఎంకేవీలో అయితే 854, 480.

పెన్‌డ్రైవ్‌లో పెట్టి టీవీకే గుచ్చి చూసేవాళ్లకి ఒక మాట. కొన్ని టీవీల లోపలి ప్లేయర్లు ఎంకేవీ హెడర్‌లో రాసిన ఆకారాన్ని పట్టించుకోవు, వీడియో లోపలి ఫ్లాగ్‌నే చదువుతాయి. అందుకని ముందు వీఓబీలని డీవీడీప్యాచర్‌తో సరిచేసి, ఆ తర్వాత ఎంకేవీ చేయండి. రెండూ ఒకటే చెప్తే ఏ టీవీలోనైనా కంచం గుండ్రంగానే వస్తుంది. ఇంకా తేడా ఉంటే మీడియాఇన్ఫో ఆ ఫైలుకి చూపించే వెడల్పు, ఎత్తు, ఆకారం మూడూ రాసి పంపండి, తప్పు ఎక్కడుందో వాటిని బట్టి చెప్పొచ్చు.